అట్లాంటిక్ సిటీ క్యాసినోలకు మొదటిసారి వెళ్తున్నారా? గంటకు ఎంతవుతుందో లెక్కేసుకుని వెళ్లండి

న్యూజెర్సీ రాష్ట్రంలో క్యాసినో అంటే అట్లాంటిక్ సిటీ ఒక్కటే. 1976 నవంబర్‌లో రాష్ట్ర ఓటర్లు క్యాసినోలకు ఒప్పుకున్నది ఆ ఒక్క ఊరి వరకే. 1978 మే 26న రిసార్ట్స్ అనే క్యాసినో తలుపులు తెరిచింది. నెవాడాను పక్కన పెడితే, అమెరికా రాష్ట్రాల్లో చట్టబద్ధంగా మొదలైన తొలి క్యాసినో అది. ఇప్పుడు ఊళ్లో తొమ్మిది నడుస్తున్నాయి. ఎడిసన్, జెర్సీ సిటీ, ప్రిన్స్‌టన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు ఇది ఒక పూట ప్రయాణం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సముద్రం చూపించడానికి వెళ్లినా, స్నేహితులతో వీకెండ్ గడపడానికి వెళ్లినా, ఎప్పుడో ఒకప్పుడు ఆ దీపాల కిందకి అడుగుపెట్టక తప్పదు.

లోపలి ప్రతి ఆటకూ గంటకు ఇంత అని ఒక ధర ఉంటుంది. ఎక్కడా బోర్డు మీద రాసి ఉండదు గానీ, కాగితం మీద లెక్క కడితే తేలిపోతుంది. ఆ ధర తెలుసుకుని కూర్చున్నవాళ్లు వంద డాలర్లతో సాయంత్రమంతా సరదాగా గడుపుతారు. తెలియకుండా కూర్చున్నవాళ్లకు అదే వంద ఇరవై నిమిషాల్లో ఎటు పోయిందో అర్థం కాదు. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ లెక్కకే ఇస్తున్నాం.

1. బయల్దేరే ముందు జేబులో ఉండాల్సినవి

వయసు 21 నిండాలి, ఇందులో మినహాయింపు లేదు. 21 లోపు పిల్లలు హోటల్లో ఉండొచ్చు, రెస్టారెంట్‌కో లిఫ్ట్‌కో వెళ్లడానికి ఆడే ఫ్లోర్ మీదుగా నడిచి దాటొచ్చు. మెషీన్ పక్కన నిలబడటానికి మాత్రం వీల్లేదు. అక్క ఆడుతుంటే పంతొమ్మిదేళ్ల తమ్ముడు పక్కనుండి సరదాగా బటన్ నొక్కాడనుకోండి, జాక్‌పాట్ తగిలినా ఆ డబ్బు చేతికి రాదు. కేసు కూడా కావచ్చు.

గుర్తింపు కార్డు అసలుదే ఉండాలి. అమెరికా డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే చాలు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు ఒరిజినల్ పాస్‌పోర్ట్ తెచ్చుకోవాలి. ఆధార్ కార్డు, ఫోన్‌లో ఉన్న పాస్‌పోర్ట్ ఫొటో లాంటివి పనికిరావు. అరవై ఏళ్లు దాటినవాళ్లని ఏమడుగుతార్లే అనుకోకండి. ప్లేయర్ కార్డు తీసుకునేటప్పుడు, పెద్ద మొత్తం గెలిచినప్పుడు వయసుతో సంబంధం లేకుండా అందరినీ అడుగుతారు.

ఆడదామనుకున్న డబ్బు ఇంటి దగ్గరే బ్యాంకులో నోట్లుగా తీసుకోండి. క్యాసినోలోని ఏటీఎంలలో ఫీజు ఎక్కువ. క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే ఫీజు పడటమే కాకుండా, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మామూలు కొనుగోళ్లకు ఉండే గడువు దీనికి ఉండదు. తెచ్చిన నోట్లను ఎన్ని పూటలుంటే అన్ని కవర్లలో సర్దుకోండి. శనివారం సాయంత్రానికి 100, ఆదివారం పొద్దుటికి 60 అని పైన రాసి పెట్టుకోండి. బ్యాంకు కార్డులు రూమ్ లాకర్‌లో ఉంచి, ఒక్క కవరు మాత్రమే కిందకి తీసుకెళ్లండి. చిన్నపిల్లల పద్ధతిలా కనిపించినా, ఇంతకంటే గట్టిగా పనిచేసేది ఇంకోటి లేదు.

2. ఊరి నక్షా

తొమ్మిది క్యాసినోలు రెండు చోట్ల ఉన్నాయి. సముద్రం ఒడ్డున చెక్కల బాట, అంటే బోర్డ్‌వాక్ మీద ఆరు. ఉత్తరం కొసన ఓషన్, హార్డ్ రాక్, రిసార్ట్స్ వరుసగా ఆనుకుని ఉంటాయి. అక్కడ నుంచి దక్షిణానికి అర మైలు పైనే నడిస్తే బాలీస్, సీజర్స్. ఇంకాస్త దూరం వెళ్తే ట్రాపికానా. మిగతా మూడూ, బోర్గాటా, హారాస్, గోల్డెన్ నగెట్, ఊరికి అటువైపు మెరీనా దగ్గర ఉన్నాయి. బోర్డ్‌వాక్ నుంచి మెరీనాకు నడిచి వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. జిట్నీ అనే చిన్న బస్సులు తిరుగుతుంటాయి, చిల్లర నోట్లు దగ్గరుంచుకుని ఎక్కండి.

మొదటిసారి వెళ్తున్నవాళ్లకు మా సలహా బోర్డ్‌వాక్ ఉత్తరం కొస. మూడు క్యాసినోలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక చోట టేబుల్ మినిమమ్, అంటే ఒక్కో ఆటకు కాయాల్సిన కనీస పందెం, ఎక్కువగా ఉంటే పక్క దాంట్లోకి నడవొచ్చు. సముద్రం ఎదురుగానే ఉంటుంది. ఆడనివాళ్లకు కాలక్షేపం కూడా అక్కడే. 1898 నాటి స్టీల్ పియర్ మీద జెయింట్ వీల్, ఇతర రైడ్లు ఉన్నాయి. 2014లో క్యాసినో మూతపడిన షోబోట్ ఇప్పుడు కేవలం హోటల్, పిల్లల కోసం దాని పక్కనే పైకప్పు కింద వాటర్‌పార్క్ కట్టారు. పెద్దవాళ్లు ఓపికున్నవాళ్లయితే 228 మెట్ల అబ్సీకన్ లైట్‌హౌస్ ఎక్కొచ్చు. ఇక్కడి బీచ్‌కి టికెట్ లేదు. జెర్సీ తీరంలో చాలా ఊళ్లు బీచ్‌కి డబ్బు వసూలు చేస్తాయి కాబట్టి ఇది చిన్న సంగతేమీ కాదు.

హార్డ్ రాక్ ఉన్న భవనమే ఒకప్పటి ట్రంప్ తాజ్‌మహల్. 1990లో మొదలై 2016లో మూతపడి, 2018లో కొత్త పేరుతో తెరుచుకుంది. మనం చిన్నప్పుడు ఊళ్లు కొంటూ అమ్ముతూ ఆడిన బిజినెస్ ఆటకు మూలమైన అమెరికన్ మోనోపలీలో వీధుల పేర్లన్నీ దాదాపు ఈ ఊరివే. బాలీస్ ముందున్న పార్క్ ప్లేస్ అందులో బాగా ఖరీదైన గడుల్లో ఒకటి.

3. చేరుకోవడం

ఎడిసన్ వైపు నుంచి కారులో దాదాపు 100 మైళ్లు, ట్రాఫిక్ లేకపోతే గంటా ముప్పావు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణానికి వెళ్లి, 38వ ఎగ్జిట్ దగ్గర అట్లాంటిక్ సిటీ ఎక్స్‌ప్రెస్‌వే తూర్పు వైపు పట్టండి. ఈజీపాస్ ఉండాలి. ఎక్స్‌ప్రెస్‌వే చివర్లో దారి చీలుతుంది: మెరీనా క్యాసినోలకు సొరంగం మీదుగా వెళ్లే కనెక్టర్, బోర్డ్‌వాక్‌కు నేరుగా ఊళ్లోకి. ఇక్కడ తప్పితే ఊరంతా చుట్టి రావాలి, బోర్డులు చూస్తూ లేన్ ముందే మారండి. వేసవిలో శుక్రవారం సాయంత్రం వెళ్లడం, ఆదివారం మధ్యాహ్నం తిరిగి రావడం రెండూ నరకమే.

న్యూయార్క్ పోర్ట్ అథారిటీ నుంచి ఎన్‌జే ట్రాన్సిట్ 319 బస్సు ఉంది. ఫిలడెల్ఫియా 30వ స్ట్రీట్ స్టేషన్ నుంచి రైలు గంటన్నర పైన పడుతుంది, కన్వెన్షన్ సెంటర్ దగ్గర దింపుతుంది.

కారులో వెళ్లేవాళ్లలో ఒకరు తాగకుండా ఉండాలని ఇంటి దగ్గరే తేల్చుకోండి. ఆడుతున్నవాళ్లకు లోపల డ్రింక్స్ ఉచితంగా వస్తూనే ఉంటాయి, ఎన్నయ్యాయో లెక్క తెలియదు. వీసా మీద ఉన్నవాళ్లకు తాగి నడిపిన కేసు ట్రాఫిక్ చలానాతో పోయేది కాదు. శిక్ష పడకపోయినా, కేవలం అరెస్టు మీదే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చేయగలదు.

4. ధర లెక్క: ఏ ఆట గంటకు ఎంత

సూత్రం ఒక్కటే. ఒక్కో పందెం ఎంత, గంటకు ఎన్ని పందేలు, అందులో క్యాసినో వాటా ఎంత శాతం. ఈ మూడూ గుణిస్తే గంటకు సగటున మీ జేబు నుంచి పోయేది తెలుస్తుంది. సగటున అన్న మాట ముఖ్యం. ఒక సాయంత్రం మీరు 200 గెలవొచ్చు, ఇంకో సాయంత్రం 200 పోవచ్చు. ఆడే గంటలు పెరిగే కొద్దీ మాత్రం సగటు ఈ లెక్కకు దగ్గరవుతూ వస్తుంది.

పెన్నీ స్లాట్ తీసుకోండి. పేరు చూసి ఒక సెంటు ఆట అనుకుంటారు. నిజానికి ఒక్క స్పిన్‌కి కనీస పందెం 50 సెంట్లో 88 సెంట్లో ఉంటుంది. 88 సెంట్ల చొప్పున గంటకు 500 స్పిన్లు నొక్కితే 440 డాలర్ల పందెం కాసినట్టు. మెషీన్ పదిశాతం ఉంచుకుంటుందనుకుంటే గంటకు 44 డాలర్లు. న్యూజెర్సీ నిబంధన ప్రకారం స్లాట్ దీర్ఘకాలంలో కనీసం 83 శాతం తిరిగి ఇవ్వాలి. అంటే 17 శాతం దాకా ఉంచుకోవడానికి చట్టమే ఒప్పుకుంటుంది. ఏ మెషీన్ ఎంత ఇస్తుందో దాని మీద రాసి ఉండదు.

ఇప్పుడు రౌలెట్. 0, 00 రెండూ ఉన్న చక్రంలో 38 గడులు, క్యాసినో వాటా 5.26 శాతం. 15 డాలర్ల పందెం, గంటకు 40 స్పిన్లు వేస్తే 31 డాలర్ల పైన. ఒకే సున్నా ఉన్న చక్రమైతే వాటా 2.70కి దిగుతుంది. మూడు సున్నాల చక్రాలు కూడా వచ్చాయి, వాటి మీద 7.69 శాతం, వాటి జోలికి వెళ్లకండి. అట్లాంటిక్ సిటీలో ఒక మంచి అలవాటు ఉంది. రెండు సున్నాల చక్రం మీద ఎరుపు-నలుపు, సరి-బేసి లాంటి సమానపు పందేలు కాసినప్పుడు సున్నా పడితే సగం పందేన్ని వెనక్కి ఇస్తారు. అప్పుడు ఆ పందేల మీద వాటా 2.63కి తగ్గుతుంది. కూర్చునే ముందు ఈ టేబుల్ మీద ఆ పద్ధతి ఉందా అని డీలర్‌ని అడగండి. అంకెల మీద కాసే పందేలకు ఇది వర్తించదు. 0, 00, 1, 2, 3 కలిపి కాసే పందెం అన్నిటికంటే చెడ్డది, 7.89 శాతం.

బ్లాక్‌జాక్ అంటే ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్ మొత్తాన్ని మించే ఆట. అందులో 15 డాలర్ల పందెంతో గంటకు 70 చేతులు, అంటే 70 ఆటలు, పడితే 1,050 డాలర్లు కాసినట్టు. సరైన పట్టిక ప్రకారం ఆడితే క్యాసినో వాటా అర శాతం దగ్గర, అంటే గంటకు 5 డాలర్లు. మనసుకి తోచినట్టు ఆడితే రెండు శాతం, అంతకు మించి కూడా, అంటే 20 పైన. ఒకే టేబుల్, ఒకే పందెం, తేడా అంతా ఆడే పద్ధతిలోనే.

ఇక్కడ టేబుల్ గుడ్డ మీద రాసింది చదవడం అన్నిటికంటే ముఖ్యం. "బ్లాక్‌జాక్ పేస్ 3 టు 2" అని ఉండాలి. "6 టు 5" అని ఉంటే లేచి వెళ్లిపోండి. ఆసు, పది పడి బ్లాక్‌జాక్ అయినప్పుడు 15 డాలర్ల మీద మొదటి చోట 22.50 వస్తుంది, రెండో చోట 18 మాత్రమే. ఎన్నో చోట్ల 6 టు 5 టేబుల్ మినిమమే తక్కువగా ఉంటుంది, అందుకే కొత్తవాళ్లు అక్కడే కూర్చుంటారు. బ్లాక్‌జాక్ ఇరవై ఒక్క చేతులకు ఒకటి చొప్పున, గంటకు మూడు సార్లు పైన పడుతుంది. ప్రతిసారీ నాలుగున్నర డాలర్లు తక్కువ ఇస్తారు. మొత్తం మీద గంటకు 15 డాలర్లు అదనంగా పోతున్నట్టు.

బాకరాలో బ్యాంకర్, ప్లేయర్ అనే రెండు వైపుల్లో ఏది గెలుస్తుందో కాయాలి. క్యాసినో వాటా బ్యాంకర్ మీద 1.06 శాతం, ప్లేయర్ మీద 1.24. ఆలోచించాల్సిన పని లేని ఆట, అందుకే పెద్దవాళ్లకు నప్పుతుంది. రెండూ సమానమవుతాయని కాసే టై మీద మాత్రం 14 శాతం పైనే, వేయొద్దు. పాచికల ఆట క్రాప్స్‌లో పాస్ లైన్ అనే మామూలు పందెం మీద 1.41 శాతం. దాని వెనక కాసే ఆడ్స్ పందెం మీద క్యాసినో వాటా సున్నా, ఫ్లోర్ మొత్తం మీద అలాంటిది ఇదొక్కటే అనుకోవచ్చు. కానీ క్రాప్స్ టేబుల్ దగ్గర వేగం, కేకలు కొత్తవాళ్లని కంగారు పెడతాయి. మొదటిరోజు చూడటంతో సరిపెట్టుకోండి.

ఏ టేబుల్ మీదైనా పక్కనున్న చిన్న వలయాల్లో కాసే సైడ్ బెట్లు, బ్లాక్‌జాక్‌లో డీలర్ ఆసు చూపినప్పుడు ఇచ్చే ఇన్సూరెన్స్ ముట్టుకోకండి. ఇన్సూరెన్స్ మీదే వాటా 7 శాతం పైన ఉంటుంది. మీ చేతిలో ఎంత మంచి ముక్కలున్నా ఆ లెక్క మారదు.

5. బ్లాక్‌జాక్ టేబుల్ దగ్గర ఏం చేయాలి

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే కాబట్టి ఒక్కొక్కటిగా చెప్తాం.

టేబుల్ మీద చిన్న బోర్డు ఉంటుంది: మినిమమ్, మాక్సిమమ్, నియమాలు. వారం మధ్యలో తక్కువ మినిమమ్ టేబుళ్లు దొరుకుతాయి. శనివారం రాత్రి అదే టేబుల్ మినిమమ్ పెంచేస్తారు. మీ కవర్లో ఉన్న డబ్బు మినిమమ్‌కి కనీసం పది రెట్లు ఉండాలి, ఇరవై రెట్లు ఉంటే హాయిగా ఉంటుంది. 15 మినిమమ్ టేబుల్‌కి 60 డాలర్లతో కూర్చుంటే నాలుగు చేతులకే అయిపోవచ్చు, ఏమీ ఆడినట్టుండదు.

నడుస్తున్న చేయి అయ్యేదాకా ఆగండి. ఖాళీ కుర్చీలో కూర్చుని నోట్లను మీ ముందు గుడ్డ మీద పెట్టండి. వలయంలో పెట్టకూడదు, అది పందెం చోటు. డీలర్ చేతికి ఇవ్వబోతే వాళ్లు తీసుకోరు. డబ్బు ఒకరి చేతి నుంచి నేరుగా ఇంకొకరి చేతికి మారకూడదు, పైన కెమెరాకు కనిపించాలి. అందుకే డీలర్ మీ నోట్లను గుడ్డ మీద ఒక్కొక్కటిగా పరిచి, మొత్తం గట్టిగా చెప్పి, చిప్స్ కూడా అలాగే పరిచి మీ వైపు తోస్తారు. ఇందులో మీ మీద అనుమానం ఏమీ లేదు. 200 ఇస్తే సాధారణంగా కొన్ని ఎర్రవి, కొన్ని ఆకుపచ్చవి వస్తాయి. ఎర్ర చిప్ 5 డాలర్లు, ఆకుపచ్చ 25, నలుపు 100, ఊదా 500. తెల్లది 1 డాలర్.

వలయంలో పందెం పెట్టండి. ముక్కలు పడటం మొదలయ్యాక ఆ చిప్స్‌ని తాకకూడదు, పెంచడానికీ తగ్గించడానికీ వీల్లేదు. ఇక్కడ సాధారణంగా ఆరు లేదా ఎనిమిది పేకలు కలిపి పెట్టె నుంచి తీస్తారు. మీ ముక్కలు బొమ్మ పైకి పెట్టి వేస్తారు, వాటినీ ముట్టుకోకూడదు. మనవాళ్లకు పేక చేతిలో పట్టుకుని విసనకర్రలా పరిచే అలవాటు కదా, మొదట్లో చెయ్యి ఆటోమేటిగ్గా ముందుకి వెళ్తుంది. కాస్త జాగ్రత్త.

మాటతో చెప్తే చాలదు, చేత్తో సైగ చేయాలి, ఎందుకంటే గొడవ వస్తే కెమెరా చూసి తేలుస్తారు. ఇంకో ముక్క కావాలంటే ముక్కల వెనక గుడ్డ మీద వేలితో తట్టండి. చాలు అంటే అరచెయ్యి కిందకి పెట్టి అడ్డంగా ఊపండి. రెట్టింపు చేయాలన్నా, జత ముక్కలను విడదీయాలన్నా అంతే విలువ చిప్స్‌ని మొదటి పందెం పక్కన పెట్టండి, పైన పేర్చకండి.

ఆడే పట్టిక, అంటే బేసిక్ స్ట్రాటజీ కార్డు, చేతిలో పెట్టుకుని చూస్తూ ఆడొచ్చు. ఫోన్‌లో చూడటం కుదరదు, టేబుల్ దగ్గర ఫోన్ తీయనివ్వరు. కాగితం కార్డు హోటల్ గిఫ్ట్ షాపులోనే దొరుకుతుంది, లేదంటే ఇంటి దగ్గరే ప్రింట్ చేసుకోండి. కార్డు లేకపోయినా ఈ నాలుగు గుర్తుంచుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. ఆసుల జత, ఎనిమిదుల జత ఎప్పుడూ విడదీయాలి. పదుల జత, ఐదుల జత ఎప్పుడూ విడదీయకూడదు. ఆసు లేకుండా మీ దగ్గర 12 నుంచి 16 మధ్య ఉండి డీలర్ ముక్క 7 లేదా అంతకు పైన ఉంటే ఇంకో ముక్క అడగాలి. డీలర్‌ది 4, 5, 6 అయితే ఆగాలి. 16 చేతిలో పెట్టుకుని డీలర్ పది ముందు ఇంకో ముక్క అడగడం భయంగానే ఉంటుంది, ఎక్కువసార్లు పోతుంది కూడా. ఆగితే ఇంకాస్త ఎక్కువసార్లు పోతుంది కాబట్టే పట్టిక అడగమంటుంది.

పక్కన కూర్చున్నవాళ్లు "నువ్వు ఆ ముక్క తీసుకోవడం వల్లే డీలర్ గెలిచాడు" అని విసుక్కోవచ్చు. అది నిజం కాదు. మీ ముక్క వల్ల మిగతావాళ్లకు ఎంత చెడు జరగొచ్చో అంతే మంచీ జరగొచ్చు. నవ్వి ఊరుకోండి, మరీ ఇబ్బందిగా ఉంటే టేబుల్ మారండి.

లేచేటప్పుడు చిప్స్ ఎక్కువగా ఉంటే "కలర్ అప్" అనండి, చిన్నవి తీసుకుని పెద్దవి ఇస్తారు. అవి కేజ్ అనే కౌంటర్ దగ్గర డబ్బుగా మారతాయి. టేబుల్ దగ్గర డబ్బు ఇవ్వరు. ఒక క్యాసినో చిప్స్ ఇంకో చోట చెల్లవు కాబట్టి ఆ రోజే మార్చుకోండి. రౌలెట్‌లో అయితే ఇంకో జాగ్రత్త ఉంది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో రంగు చిప్స్ ఇస్తారు, వాటి విలువ ఆ టేబుల్ దాటితే సున్నా. జేబులో వేసుకుని వెళ్తే కేజ్‌లో తీసుకోరు, లేచే ముందే డీలర్‌కి ఇచ్చి మామూలు చిప్స్ తీసుకోవాలి.

డీలర్‌కి టిప్ ఇవ్వడం మర్యాద. గంటకో రెండు గంటలకో ఒక ఎర్ర చిప్ "ఫర్ ది డీలర్" అని ముందుకి జరిపితే సరిపోతుంది. డ్రింక్ తెచ్చినవాళ్లకి గ్లాసుకు ఒకటో రెండో డాలర్లు.

6. స్లాట్ల దగ్గర

మెషీన్ నోట్లు మింగుతుంది గానీ నోట్లు తిరిగి ఇవ్వదు. క్యాష్ అవుట్ నొక్కితే బార్‌కోడ్ ఉన్న కాగితం వస్తుంది. దాన్ని ఇంకో మెషీన్‌లో పెట్టొచ్చు, లేదా కియోస్క్ దగ్గర డబ్బు చేసుకోవచ్చు. అది నోటుతో సమానం. మెషీన్‌లోనే వదిలేసి బాత్‌రూమ్‌కి వెళ్తే తిరిగొచ్చేసరికి ఉండదు. కాగితం మీద గడువు తేదీ ఉంటుంది, పర్సులో పెట్టి మర్చిపోతే విలువ పోతుంది.

కూర్చోగానే ముందు చూడాల్సింది స్పిన్‌కి ఎంత పడుతుందో. అంకె తెర మూలలో చిన్నగా ఉంటుంది. ముందు ఆడినవాళ్లు 5 డాలర్ల పందెం పెట్టి వెళ్లిపోయి ఉంటే, 20 డాలర్ల నోటు వేసి నాలుగుసార్లు నొక్కేసరికి అయిపోతుంది. అమ్మానాన్నలను స్లాట్ దగ్గర కూర్చోబెట్టి వెళ్లేటప్పుడు ఇదొక్కటి తప్పకుండా చూపించి వెళ్లండి. "చాలాసేపటి నుంచి పడలేదు, ఇక పడుతుంది" అనే మాటకు ఆధారం లేదు. ప్రతి స్పిన్‌కీ లోపల కొత్త అంకె తయారవుతుంది, వెనకటి దానితో దానికి సంబంధం లేదు.

ఆట మెల్లగా సాగితే ఖర్చు కూడా మెల్లగా సాగుతుంది. స్పిన్‌కీ స్పిన్‌కీ మధ్య పది సెకన్లు ఆగితే గంటకు 500 కాస్తా 300 కిందకి వస్తుంది. పైన లెక్క కట్టిన 44 డాలర్లు 26 కిందకి దిగుతాయి.

పొగ పడనివాళ్లు ఇది తెలుసుకోండి: ఫ్లోర్‌లో నాలుగో వంతు దాకా పొగ తాగనివ్వడానికి న్యూజెర్సీ నియమాలు ఒప్పుకుంటున్నాయి. ఆస్తమా ఉన్నవాళ్లు నాన్-స్మోకింగ్ భాగం ఎటో అడిగి, మధ్యలో కాకుండా గోడ వైపు కూర్చోండి.

7. ప్లేయర్ కార్డు

ఉచితం, తీసుకోండి. సీజర్స్ రివార్డ్స్ కార్డు సీజర్స్, హారాస్, ట్రాపికానాల్లో పనిచేస్తుంది. బోర్గాటాకి ఎంజీఎం రివార్డ్స్, హార్డ్ రాక్‌కి యూనిటీ. స్లాట్‌లో కార్డు దూర్చి, తెర మీద మీ పేరు కనిపించాక మొదలుపెట్టండి. టేబుల్ దగ్గర నోట్లతో పాటే కార్డు పెట్టండి. కార్డు వల్ల మెషీన్ ఇచ్చేది పెరగదు, తగ్గదు. తిరిగొచ్చేది పార్కింగ్ మినహాయింపు, భోజనం కూపన్, రూమ్ ఆఫర్ రూపంలో ఉంటుంది. అది మీరు కాసిన మొత్తంలో చాలా చిన్న భాగం. పది డాలర్ల బఫే కూపన్ కోసం ఇంకో గంట స్లాట్ ఆడితే, పై లెక్క ప్రకారం ఆ బఫే ఖరీదు 44.

8. గెలిస్తే పన్ను సంగతి

తెలుగువాళ్లలో ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. ఎందుకంటే నియమం మీ వీసాను బట్టి మారుతుంది.

స్లాట్ మీద ఒక్క దెబ్బకి పెద్ద మొత్తం పడితే మెషీన్ ఆగిపోతుంది, ఉద్యోగి వచ్చి, గెలుపును పన్ను శాఖకు తెలిపే డబ్ల్యూ-2జీ ఫారం నింపుతారు. ఏళ్లపాటు ఆ హద్దు 1,200 డాలర్లు. 2026 నుంచి 2,000. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, ఇక్కడ కొన్నేళ్లుగా హెచ్-1బి మీద ఉన్నవాళ్లు పన్ను లెక్కలో రెసిడెంట్లే. వాళ్లు ఆ ఏడాది రిటర్న్‌లో గెలిచింది చూపించాలి. పోగొట్టుకున్నది గెలిచినంత వరకే తగ్గించుకోవచ్చు, అదీ అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ వదులుకుని ఐటమైజ్ చేస్తేనే, అంటే మినహాయింపులు విడివిడిగా చూపిస్తేనే. పైగా 2026 నుంచి పోయిన దాంట్లో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. న్యూజెర్సీ రాష్ట్ర పన్నులో మాత్రం గెలుపు నుంచి ఓటమిని నేరుగా తీసేయొచ్చు. దీనికి రుజువు కావాలి కాబట్టి తేదీ, క్యాసినో, ఆట, ఎంతతో మొదలుపెట్టారు, ఎంతతో లేచారు అని ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

ఎఫ్-1 మీద మొదటి ఐదేళ్లలో ఉన్న విద్యార్థులు, విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు నాన్-రెసిడెంట్లు. వాళ్లకు స్లాట్ జాక్‌పాట్ పడితే 30 శాతం అక్కడే కోసుకుని 1042-ఎస్ ఫారం ఇస్తారు. 3,000 పడితే చేతికి వచ్చేది 2,100. ఇండియాతో ఉన్న పన్ను ఒప్పందంలో దీనికి మినహాయింపు లేదు, పోగొట్టుకున్నది చూపి తగ్గించుకోవడమూ కుదరదు. కానీ బ్లాక్‌జాక్, బాకరా, క్రాప్స్, రౌలెట్, బిగ్ సిక్స్ చక్రం మీద గెలిచినదానికి నాన్-రెసిడెంట్లకు ఈ పన్ను లేదు. అమ్మానాన్నలు ఏదో ఒకటి ఆడాలనుకుంటే బాకరా టేబుల్ వైపు తీసుకెళ్లమనడానికి ఇదో కారణం. ఫారం నింపేటప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉంది కదా అని విద్యార్థి రెసిడెంట్‌గా సంతకం పెట్టేస్తే తర్వాత రిటర్న్‌లో చిక్కు వస్తుంది. "నేను నాన్-రెసిడెంట్‌ని" అని ముందే చెప్పండి.

ఒక రోజులో 10,000 డాలర్లు దాటిన నగదు లావాదేవీని క్యాసినో ప్రభుత్వానికి తెలియజేస్తుంది. దాని వల్ల మీకు నష్టం లేదు. రిపోర్ట్ తప్పించుకుందామని 6,000, 5,000గా ముక్కలు చేసి మార్చడమే నేరం.

9. ఇంటికొచ్చాక వచ్చే ఉత్తరాలు

కార్డు తీసుకున్న నెలలోపు ఉచిత రూమ్ అంటూ ఆఫర్లు మొదలవుతాయి. రిసార్ట్ ఫీజు, పన్నులు, పార్కింగ్ కలిపి నిజంగా ఎంతవుతుందో చూసి, వెళ్లాల్సిన పని ముందే ఉంటేనే వాడుకోండి. ఫోన్ యాప్‌లలో ఆడే క్యాసినో ఆటలు న్యూజెర్సీలో 2013 నుంచి చట్టబద్ధం. రాష్ట్రం లోపల ఉన్నంతవరకే యాప్ పనిచేస్తుంది, సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి వీపీఎన్‌తో తెరవబోతే ఖాతా ఆగిపోతుంది, అందులో ఉన్న డబ్బు ఇరుక్కుంటుంది. ఈ యాప్‌ల మీద మా అభిప్రాయం సూటిగా చెప్తాం: వేయకండి. పైన చెప్పిన కవరు పద్ధతి ఫోన్ మీద పనిచేయదు, బ్యాంకు ఖాతా ఒక్క నొక్కు దూరంలో ఉంటుంది.

ఇంటి ఖర్చుల డబ్బో అద్దె డబ్బో ఆటలోకి వెళ్తోందని మీకు గానీ మీ ఇంట్లోవాళ్లకు గానీ అనిపిస్తే 1-800-426-2537కి ఫోన్ చేయొచ్చు, పగలూ రాత్రీ ఎత్తుతారు. న్యూజెర్సీ డివిజన్ ఆఫ్ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ దగ్గర సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ జాబితాలో, అంటే నన్ను ఆడనివ్వొద్దని తామే కోరుకునేవాళ్ల జాబితాలో, పేరు రాయించుకునే వీలుంది. 1 సంవత్సరం లేదా 5 సంవత్సరాలు ఎంచుకోవచ్చు, ఆ గడువు మధ్యలో మనసు మార్చుకుని పేరు తీయించుకోవడం కుదరదు. రాయించుకున్నాక ఊళ్లోని తొమ్మిది క్యాసినోలూ మిమ్మల్ని ఆడనివ్వకూడదు, ఆడి గెలిచినా ఆ డబ్బు ఇవ్వరు. ఆఫర్ల ఉత్తరాలు పంపడం కూడా ఆపేయాలి.